పొడుగు తే, గోల్ తే: కార్పస్ కొరానికమ్ వెబ్‌సైట్ మీద ఒక ప్రూఫ్‌రీడర్ రివ్యూ

ముందు నేను మోసపోయిన సంగతి చెప్పాలి. పోయిన రంజాన్‌కి ముందు ఆన్‌లైన్‌లో ఒక ఫ్రేము కొన్నాను. 1,450 రూపాయలు. "1400 ఏళ్ళ నాటి ఖుర్ఆన్ పుటకి అచ్చమైన నకలు" అని రాశారు. పార్సిల్ విప్పి, గోడకి ఆనించి, టీ తాగుతూ చూస్తే నాకే నవ్వొచ్చింది. ప్రతి అక్షరానికీ జబర్, జేర్, పేష్ అనే అచ్చు గుర్తులు ఉన్నాయి. ఆయత్‌కీ ఆయత్‌కీ మధ్య, అంటే వాక్యాల మధ్య, బంగారు రంగు పువ్వులు. అక్షరం చూస్తే అచ్చు పుస్తకాల్లో ఉండే పొందికైన నస్ఖ్ లిపి, నా కంప్యూటర్లో ఉన్న ఫాంటుకి అక్కలా ఉంది. 1400 ఏళ్ళ కిందట ఆ గుర్తులే ఇంకా పుట్టలేదు. వాపస్ తీసుకోమని అడిగితే తీసుకోలేదు. ఫ్రేము మాత్రం బాగుంది, అందులో ఇప్పుడు మా అబ్బాయి టెన్త్ క్లాస్ గ్రూప్ ఫోటో ఉంది.

సరే, అసలుది ఎలా ఉంటుందో చూద్దామని వెతుకుతూ పోతే పాత ఖుర్ఆన్ రాతప్రతులు చూపించే కార్పస్ కొరానికమ్ సైటు దొరికింది. జర్మనీలో బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ అకాడమీ వాళ్ళ ప్రాజెక్టు, 2007లో మొదలుపెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. రెండు నెలలుగా రాత్రి పని అయ్యాక దీంట్లోనే ఉంటున్నాను కాబట్టి రివ్యూ రాసే హక్కు వచ్చిందనుకుంటున్నాను.

నా గురించి రెండు ముక్కలు. గుంటూరులో డీటీపీ చేస్తాను, ఇరవై రెండేళ్ళయింది. నాన్నది ట్రెడిల్ ప్రెస్సు. సీసం అక్షరాలు కేసులోంచి ఏరి పేర్చడం ఆయన దగ్గరే చూశాను. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. చిన్నప్పుడు మసీదులో ఖాయిదా, అంటే అరబ్బీ అక్షరాల వాచకం, చదువుకున్నాను గనక అరబ్బీ కూడబలుక్కుని చదవగలను. అర్థం కావాలంటే తెలుగు అనువాదం తెరవాల్సిందే. అందుకని ఇది ఆలిమ్‌ల (మత పండితుల) రివ్యూ కాదు, ప్రూఫులు దిద్దే మనిషి రివ్యూ.

సైటు వాడే పద్ధతి తేలిక. సూరా (అధ్యాయం) నంబరు, ఆయత్ నంబరు ఇస్తాం. 1924 నాటి కైరో ముద్రణలో ఆ ఆయత్ ఎలా ఉందో వస్తుంది, దాంతోపాటు ఆ ఆయత్ ఉన్న పాత రాతప్రతుల జాబితా వస్తుంది. ఒకదాని మీద నొక్కితే తోలు పత్రం ఫోటో. చాలావాటికి పక్కనే వరసకి వరస విడదీసి, అక్కడ ఏ అక్షరం కనపడుతోందో అచ్చులో పెట్టారు. ఖుర్ఆన్ పఠించే పాత ఖారీలు ఒకే మాటని ఏయే రకాలుగా చదివారో చూపే విభాగం ఒకటి, ఆ కాలంలో ఆ చుట్టుపక్కల ఉన్న యూదు, క్రైస్తవ రచనలతో పోల్చే విభాగం ఇంకొకటి ఉన్నాయి. వ్యాఖ్యానం జర్మన్‌లో ఉంది. నేను దాని జోలికి పోలేదు. నాకు కావలసింది బొమ్మలు.

నేను కొట్టిన మొదటి నంబరు 14:34, అంటే 14వ సూరా ఇబ్రాహీమ్‌లో 34వ ఆయత్. దాని వెనక ఒక పాత దెబ్బ ఉంది.

పదేళ్ళ కిందట ఒక పక్క అరబ్బీ, ఒక పక్క తెలుగు ఉండే పుస్తకం పని వచ్చింది. ప్రూఫు చూస్తుంటే 'నిఅమత్' అనే మాట, అంటే అనుగ్రహం, రెండు రకాలుగా కనిపించింది. కొన్నిచోట్ల చివర గోల్ తే ('త' అక్షరానికి గుండ్రటి రూపం, ة), కొన్నిచోట్ల పొడుగు తే (సాగే రూపం, ت). మా వృత్తిలో ఒకే మాట రెండు రకాలుగా ఉందంటే అది ఆపరేటర్ తప్పు. 'రీప్లేస్ ఆల్' కొట్టి అన్నిటినీ గోల్ తే చేసేశాను. తెలివైన పని చేశానని కాస్త గర్వంగా కూడా ఉంది. ప్రూఫు హాఫిజ్ సాబ్ దగ్గరికి వెళ్ళింది. హాఫిజ్ అంటే ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం వచ్చినవారు. ఆయన పుట చూసి కాసేపు ఏమీ అనలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఒక్కోచోటా సున్నా చుట్టారు. పుస్తకం చూడకుండానే, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ. పదకొండు సున్నాలు.

"బేటీ, అల్లా కలామ్‌లో మనం దిద్దుబాట్లు చేస్తామా?"

"రెండు రకాలుగా ఉంది కదా హజ్రత్, ఒకటి తప్పేమో అనుకున్నా."

"రెండూ రైటే. ఇబ్రాహీమ్ సూరాలో పొడుగు తే, నహ్ల్ సూరాలో అదే వాక్యం గోల్ తే. ఎందుకని అడక్కు. అట్లా వచ్చింది, అట్లాగే రాయాలి."

నిజంగానే అదే వాక్యం. అల్లా అనుగ్రహాలు లెక్కపెట్టబోతే మీరు లెక్కించలేరు అని 14:34లోనూ ఉంది, 16:18లోనూ ఉంది. మాట ఒకటే, వాక్యం ఒకటే, స్పెల్లింగ్ వేరు. తజ్వీద్, అంటే ఖుర్ఆన్ ఉచ్చారణ నియమాలు, చదివినవాళ్ళకి ఇది తెలిసిందే. ఆ మాట దగ్గర ఊపిరి ఆపాల్సివస్తే గోల్ తే అయితే 'నిఅమహ్' అనాలి, పొడుగు తే అయితే 'నిఅమత్' అని ఆపాలి. నాకు మాత్రం ఆ రోజు సిగ్గేసింది, ఒప్పుకోబుద్ధీ కాలేదు. ఎవరో కాతిబ్ (రాతగాడు) ఏ కాలంలోనో చేసిన పొరపాటుని అందరూ మోస్తున్నారేమో అని మనసులో ఒక మూల ఉండిపోయింది.

ఇప్పుడు ఆ తోలు పత్రాల మీద ఆ మాట వెతికాను. నాకు అరగంట పట్టింది, ఎందుకంటే ఆ రాతలో చుక్కలు దాదాపు ఉండవు. చుక్క తీసేస్తే బే, తే, సే మూడూ ఒకటే పన్ను. ఎక్కడ ఏదో సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. గోల్ తే మీద రెండు చుక్కలూ లేవు, ఉత్త 'హే' లాగా ముడి వేసి ఉంటుంది. పొడుగు తే అయితే పడవలాగా సాగుతుంది. చుక్కలు లేకపోయినా ఈ రెండిటికీ పొరపడే అవకాశమే లేదు. 14:34 ఉన్న పత్రాలు ఒకదాని తర్వాత ఒకటి తెరిచాను: పడవ, పడవ, పడవ. 16:18కి వెళ్ళాను: ముడి, ముడి. కళ్ళు నొప్పి పుట్టి, మానిటర్ ఆపేసి, మళ్ళీ ఆన్ చేసి చూశాను.

ఇదేదో నేనే కనిపెట్టాననుకుని ఒక రాత్రంతా సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, మరైన్ వాన్ పుటెన్ అనే నెదర్లాండ్స్ భాషాశాస్త్రవేత్త 2019లో ఈ ఒక్క మాట మీదే వ్యాసం రాశారని. పద్నాలుగు తొలినాటి ప్రతులు తీసుకుని, 'అల్లా అనుగ్రహం' అనే మాట ఎక్కడెక్కడ ఎలా రాశారో చూశారు. దాదాపు అన్నిటిలోనూ అవే చోట్ల అదే రకం తే. విని రాసుకుంటే ఇలా రాదు, ఎవరికి తోచిన తే వాళ్ళు వేస్తారు. కాబట్టి ఇవన్నీ ఒకే మూలప్రతిని కళ్ళతో చూసి ఎత్తి రాసిన వంశం అని ఆయన తేల్చింది. ఖలీఫా ఉస్మాన్ కాలంలో, అంటే 644–656 మధ్య, ఒక ప్రామాణిక ప్రతి తయారుచేయించి పట్టణాలకి పంపారని ముస్లిం సంప్రదాయం చెబుతుంది. ఆ కథకి ఈ పొడుగు తే సాక్షిగా నిలబడింది. మా ప్రెస్సు భాషలో చెప్పాలంటే, రెండు పుస్తకాల్లో ఒకే పేజీలో ఒకే విచిత్రం ఉంటే రెండూ ఒకే ఫారం నుంచి వచ్చాయని అర్థం. ఎవరు ఎవరి గైడ్లు కాపీ కొట్టారో నాన్న అలాగే పట్టుకునేవాడు.

తేదీల సంగతి. సైటులో ఒక్కో రాతప్రతి పక్కన వివరాలు ఉంటాయి: ఎక్కడుంది, ఎన్ని ఆకులు, ఏ రకం లిపి, ఏ కాలం. కొన్నిటికి కార్బన్ పరీక్ష ఫలితాలు కూడా. ఇది చూసేటప్పుడు జాగ్రత్త, ఎందుకంటే నేనూ మొదట్లో ఎక్స్‌పైరీ డేట్ చదివినట్టు చదివేశాను.

మేకో గొర్రో దూడో బతికి ఉన్నన్నాళ్ళూ మేతలోంచి కార్బన్-14 దాని ఒంట్లోకి చేరుతూ ఉంటుంది. చచ్చాక చేరడం ఆగిపోతుంది, ఉన్నది తరుగుతూ పోతుంది; సుమారు 5,730 ఏళ్ళకి సగమవుతుంది. ఎంత మిగిలిందో చూసి ఎప్పుడు చచ్చిందో లెక్క కడతారు. గాలిలో కార్బన్-14 ప్రతి ఏడూ ఒకేలా ఉండదు గనక చెట్ల వలయాలతో సరిచూసుకుంటారు. చివరికి వచ్చేది ఒక ఏడు కాదు, ఒక పరిధి. అదీ జంతువు చచ్చిన కాలం, రాసిన కాలం కాదు. మిల్లులో కాగితం తయారైన తేదీ, పుస్తకం అచ్చయిన తేదీ ఒకటి కావు కదా. నా గదిలో 2016లో కొన్న మ్యాప్‌లిథో రీములు ఇంకా రెండున్నాయి.

ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో 77 ఆకుల ప్రతి ఉంది. దాని తోలుకి 649–675 అని వచ్చింది, 95.4 శాతం సంభావ్యతతో, 2014లో ప్రకటించారు. యెమెన్‌లోని సనా ప్రతి కథ వేరు. 1972లో అక్కడి పెద్ద మసీదు మరమ్మతులు చేస్తుంటే కప్పుకీ అటకకీ మధ్య గుట్టలుగా పాత పత్రాలు బయటపడ్డాయి. వాటిలో ఒక ప్రతి రెండుసార్లు రాసినది: మొదటి రాత చెరిపేసి పైన మళ్ళీ రాశారు. సిరాలోని లోహం కాలక్రమేణా ముదిరి, చెరిపిన రాత గోధుమ రంగులో పైకి తేలింది. అతినీలలోహిత కాంతిలో ఫోటో తీస్తే ఇంకా స్పష్టం. ఆ రాతప్రతిలోనే ఒక ఆకుకి చేసిన పరీక్షలో 578–669 వచ్చింది. అదే ప్రతిలోని వేరే ఆకుకి ఫ్రాన్స్‌లో చేయిస్తే 388–535 వచ్చింది! ప్రవక్త పుట్టింది సుమారు 570లో. ఒకే పుస్తకం, రెండు ఆకులు, ఇంత తేడా. అందుకే పండితులు కార్బన్ ఒక్కదాన్నే నమ్ముకోరు. లిపి చూస్తారు, స్పెల్లింగ్ చూస్తారు, పుట అమరిక చూస్తారు, అన్నీ కలిపి తూకం వేస్తారు.

లిపి భాగం నాకు అన్నిటికన్నా నచ్చింది. తొలినాటి రాతని హిజాజీ అంటారు. అక్షరాలు సన్నగా, పొడుగ్గా, కుడివైపుకి ఒరిగి ఉంటాయి. అలిఫ్ అడుగున చిన్న కొక్కెంలా కుడికి తిరుగుతుంది. గాలికి వంగిన జొన్నచేనులా ఉంటుంది పుట. తర్వాత వచ్చిన కూఫీ బరువుగా, అడ్డంగా సాగుతుంది. ఈ రాతలని తరాలుగా విడదీసి చూపించినవారిలో ఫ్రాన్స్‌కి చెందిన ఫ్రాన్స్వా దెరోష్ పెద్ద పేరు. పారిస్, పీటర్స్‌బర్గ్, వాటికన్, లండన్‌లలో చెల్లాచెదురుగా ఉన్న 98 ఆకులు ఒకే పుస్తకానివని, దాన్ని అయిదుగురు రాశారని ఆయన చూపించారు. చేతిరాత తేడాని బట్టి అయిదుగురు! నాకేం ఆశ్చర్యం వేయలేదు. నలుగురు ఆపరేటర్లు తలా ఒక చాప్టర్ కొట్టిన ఫైలు ఇస్తే, కామా తర్వాత ఎవరెంత ఖాళీ వదిలారో చూసి ఎవరిది ఏదో నేనూ చెబుతాను. ఆ ప్రతి కాలం ఏడో శతాబ్దం మూడో పాదం అని ఆయన అంచనా.

బర్మింగ్‌హామ్ ఆకుల గురించి చాలామంది వినే ఉంటారు, 2015 జులైలో టీవీల్లో కూడా వచ్చింది. రెండే రెండు ఆకులు. వేరే రాతప్రతి ఆకులతో కలిపి తప్పుగా బైండు చేసి ఉంటే ఆల్బా ఫెదెలీ అనే ఇటలీ పరిశోధకురాలు అవి ఆ కట్టలోవి కావని పట్టుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్ష చేస్తే 568–645 వచ్చింది. దెరోష్ లెక్క ప్రకారం ఈ రెండు ఆకులూ పారిస్‌లో ఉన్న పదహారు ఆకులతో కలిసి ఒకే పుస్తకం. ఆ పారిస్ ఆకులు కైరో పక్కన ఫుస్తాత్‌లో అమ్ర్ మసీదు నుంచి వెళ్ళినవి. బర్మింగ్‌హామ్‌లో ఆ సేకరణ మోసుల్ దగ్గర పుట్టిన అల్ఫోన్స్ మింగానా అనే పండితుడిది. ఆయనకి డబ్బు పెట్టింది ఎడ్వర్డ్ క్యాడ్‌బరీ. అవును, ఆ చాక్లెట్ క్యాడ్‌బరీయే. మా అబ్బాయికి ఈ మొత్తం వ్యవహారంలో గుర్తుండిపోయింది అదొక్కటే.

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను. ఈ సైటులో నలుపు-తెలుపు ఫోటోలు కొన్ని కనిపిస్తాయి. గోట్‌హెల్ఫ్ బెర్గ్‌స్ట్రెసర్ అనే మ్యూనిక్ ప్రొఫెసర్ లైకా కెమెరా పట్టుకుని తిరిగి పాత ప్రతుల్ని ఫిల్ములకెక్కించాడు. 1933లో కొండ ఎక్కుతూ పడి చనిపోయాడు. పని అందుకున్న ఓటో ప్రెట్‌జల్ 1941లో విమానం కూలి చనిపోయాడు. ఫిల్ములు ఆంటన్ ష్పిటాలర్ చేతికి వచ్చాయి. 1944లో మ్యూనిక్ మీద బాంబులు పడ్డప్పుడు అవన్నీ కాలిపోయాయని ఆయన చెప్పాడు, లోకం నమ్మింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, ఫిల్ములు తన దగ్గరే ఉన్నాయని అంగెలికా నోయ్‌వర్త్ అనే ప్రొఫెసర్‌కి చెప్పాడు. సుమారు 450 రోల్స్! ఆమె మొదలుపెట్టిందే ఈ కార్పస్ కొరానికమ్. మా ప్రెస్సులో ఒక పాత బ్లాకు పోయిందని అందరం అనుకుంటే నాన్న మంచం కింద దొరికింది, అదే గుర్తొచ్చింది.

వాడేవాళ్ళకి నాలుగు మాటలు. ఫోన్లో చూడకండి, పెద్ద తెర కావాలి. ఇది చదువుకునేవాళ్ళ కోసం కట్టిన ఇల్లు, అతిథి గదులు తక్కువ; మొదటిసారి వచ్చినవాళ్ళకి ఏ తలుపు ఎటు పోతుందో తెలియదు. ఒక ఆయత్ నంబరు చేతిలో పట్టుకుని వెళితే దారి దొరుకుతుంది, ఊరికే తిరగడానికి వెళితే పది నిమిషాల్లో మూసేస్తారు. కొన్ని ప్రతులకి వివరాలు ఉంటాయి, బొమ్మ ఉండదు, హక్కులు ఆయా గ్రంథాలయాలవి కాబట్టి. అలాంటప్పుడు పారిస్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ గాలికా సైటుకి వెళ్ళండి, అక్కడి పాత ప్రతులు మొదటి ఆకు నుంచి చివరిదాకా ఉచితం. అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు నాకు జర్మన్ రాకపోవడం వల్ల పోయింది, తప్పు నాదే.

హాఫిజ్ సాబ్‌కి ఇప్పుడు డెబ్బై దాటాయి. పోయిన శుక్రవారం నమాజు తర్వాత షాపుకి వస్తే, బర్మింగ్‌హామ్ ఆకు తెర నిండా తెరిచి చూపించాను. మర్యమ్ సూరా ముగిసి, అలలాంటి ఒక గీత, దాని కింద తాహా సూరా మొదలవుతుంది. ఆయన కళ్ళజోడు మార్చుకున్నారు. చుక్కల్లేని రాత మీద వేలు కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఒక్క మాట దొరికింది. అంతే, అక్కడి నుంచి ఆగకుండా చదివేశారు. చదవడం అనాలా, జ్ఞాపకం అక్షరాల వెంట నడిచింది అనాలా తెలియదు. తెరకి తాకకుండా వేలిని బెత్తెడు దూరంలో పట్టుకున్నారు, వుజూ (నమాజుకి ముందు కడుక్కునే శుద్ధి) ఉన్నా సరే.

"ఏ మసీదుదమ్మా ఇది?"

"ఈజిప్టులో అమ్ర్ మసీదు అంటున్నారు హజ్రత్."

"తాహా సూరా" అన్నారు. "హజ్రత్ ఉమర్ కోపంగా చెల్లెలి ఇంటికి వెళ్ళి, ఆమె చేతిలో కాగితం లాక్కుని చదివింది ఇదే."

ఉమర్ ముస్లిం అయిన ఆ కథ చిన్నప్పటి నుంచి వింటున్నదే. కాని 'ఆమె చేతిలో ఆకు' అంటే ఎలా ఉండేదో ఇప్పుడు ఎదురుగా ఒకటుంది. సనా ప్రతి కూడా చూపించాను, కాస్త జంకుతూనే. చెరిపిన రాతలో కొన్ని మాటలు, సూరాల వరస వేరుగా ఉన్నాయని చెప్పాను. ఆయన ఉలిక్కిపడతారనుకున్నాను. "ప్రవక్త సహచరులైన సహాబాల దగ్గర సొంత ప్రతులు ఉండేవని మా కితాబుల్లోనే ఉంది బేటీ, ఇబ్నె మసూద్‌ది వేరే ఉండేది" అని టీ అందుకున్నారు.

తర్వాత 14:34 తెరిచాను. ఏమీ చెప్పలేదు. ఆయనే వెతుక్కుని, ఆ పడవ దగ్గర ఆగి, నా వైపు తిరిగి నవ్వారు. పదేళ్ళనాటి ఎర్ర సున్నాలు ఆయనకీ గుర్తున్నాయి.

ఆ పుస్తకం రెండో ముద్రణ ఈ నెలలోనే. ఆ పదకొండు చోట్లా ఫైల్లో పసుపు రంగు వేసి పెట్టాను. కొత్తగా చేరిన అమ్మాయి నిన్న అడిగింది, "మేడం, ఇక్కడ స్పెల్లింగ్ రెండు రకాలుగా ఉంది, మార్చేయనా?" అని. కుర్చీ పక్కకి లాగి కూర్చోబెట్టి, సైటు తెరిచాను.